పెట్రోలు బంకు అందరికీ రాదు

“మిలిటరీ వాళ్లకేమండీ! పింఛను వస్తుంది, క్యాంటీనులో సరుకు చవగ్గా దొరుకుతుంది, పైగా సర్కారు పెట్రోలు బంకు కూడా ఇస్తుంది.” బీదర్‌లో ఆటో ఎక్కినా, సరిహద్దు దాటి జహీరాబాద్‌లో టీ తాగినా ఈ మాట వినబడుతూనే ఉంటుంది. మొదటి రెండూ నిజాలే. మూడోది మాత్రం జనం నమ్మకం. కార్గిల్ యుద్ధం తరువాత అమరుల కుటుంబాలకు బంకులు, గ్యాసు ఏజెన్సీలు కేటాయించారు. అది పేపర్లో చదివినవాళ్లు ఇంటికొచ్చే ప్రతి జవానుకూ ఒక బంకు రాసిపెట్టి ఉందనుకున్నారు.

చమురు డీలర్‌షిప్పుల్లో ఏళ్లుగా చెప్పుకుంటూ వచ్చిన రక్షణ కోటా 8 శాతం. అందులోనూ ముందు వరుస యుద్ధంలో భర్తను పోగొట్టుకున్నవారిది, అంగవైకల్యం పొందినవారిది. ఏటా మూడు దళాల నుంచీ బయటికొచ్చేవారు సుమారు 60 వేలు. లెక్క మీరే వేసుకోండి. పునరావాస డైరెక్టరేట్ దగ్గర ఇంకొన్ని పథకాలున్నాయి. ఢిల్లీ చుట్టుపక్కల మదర్ డెయిరీ పాలబూతులు, కోల్ ఇండియా గనుల్లో బొగ్గు రవాణా లాంటివి. బీదర్‌లో బొగ్గు గనీ లేదు, ఇక్కడివాళ్లు ఢిల్లీ పాలూ తాగరు.

బీదర్‌లో వైమానిక దళం శిక్షణ స్థావరం ఉంది. సూర్యకిరణ్ విన్యాసాల బృందం 1996లో పుట్టింది ఇక్కడే. విమానం తలమీదుగా పోతే అందరూ పైకి చూస్తారు. కింద దాని ఇంజను విప్పి బిగించే ఎయిర్‌మన్ ఎవరి కంటా పడడు. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లకు చేరి ఇరవై ఏళ్ల సర్వీసు ముగించేసరికి అతనికి నలభై కూడా నిండవు. ఆర్మీ సిపాయికైతే 15 ఏళ్లకే పింఛను అర్హత వస్తుంది. పింఛను ఆఖరి జీతంలో ఇంచుమించు సగం. పిల్లలు ఇంకా హైస్కూల్లో ఉంటారు, ఇంటి లోను తీరదు. అందుకే సెక్యూరిటీ ఏజెన్సీయో, జనరేటర్ల మెకానిక్ షాపో, డ్రైవింగు స్కూలో పెడతాడు.

పనితనం ఉన్న మనిషికి గిరాకీ ఎందుకు ఉండదని అడుగుతారు. దీనికి బీదర్‌లో వెండి పొదిగే బిద్రీ పని కన్నా మంచి పోలిక దొరకదు. 2006లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పనిలో జింకుకు కొంచెం రాగి కలిపి పోత పోస్తారు. గీసిన గీత కనబడేందుకు మైలుతుత్తం నీళ్లు పూసి పైపైన నల్లబరుస్తారు. ఉలితో లతలూ పూలూ చెక్కి, ఆ గాట్లలో వెండి తీగను సుత్తితో కొట్టి కూర్చుతారు. తరువాత ఆకురాయితో నున్నగా అరగదీస్తారు. అసలు సంగతి ఇక్కడే ఉంది. పైపూత నలుపు పోయి జింకూ తెల్లగానే ఉంటుంది, వెండీ తెల్లగానే ఉంటుంది. అంత పనితనమూ కంటికి ఆనదు. చివరికి సెగ చూపించి, కోట మట్టిలో నవసాగరం కలిపి పట్టిస్తేనే వొళ్లంతా కటిక నలుపై వెండి బయటపడుతుంది. ఆ మట్టిలో మహిమ ఉందనేవాళ్లకు ఒక మాట: వానా ఎండా తగలని పాత గోడల కింది మట్టిలో లవణాలు పేరుకుంటాయి. అవి నవసాగరంతో కలిసి జింకు మిశ్రమం మీద పనిచేస్తాయి, వెండి జోలికి పోవు. ఇది రసాయన శాస్త్రం, మహత్తు కాదు.

మాజీ సైనికుడి పనితనం ఆ వెండి. ఉలి దెబ్బలు సైన్యమే కొట్టించింది. ఆకురాయి అంటే ఆఫీసుల చుట్టూ తిరుగుడు. నవసాగరం ఘాటు పన్నులూ రిటర్నులూ అనుకోండి. ఇన్ని ఉన్నా వెండి కనబడాలంటే ఊరి మట్టి కావాలి, అంటే స్థానిక ఖాతాదారులు కావాలి. ఇరవై ఏళ్లు ఊళ్లో లేని మనిషికి లేనిది అదే. ఉద్దర ఎవరికి ఇవ్వచ్చో, ఏ ఆఫీసులో బిల్లు ఎవరి బల్ల మీద ఆగుతుందో అతనికి తెలియదు.

బిల్లు సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. ఒకాయన 2005 నాటి చట్టం కింద లైసెన్సు తీసుకుని సెక్యూరిటీ ఏజెన్సీ పెట్టాడనుకుందాం. ఒక ఆసుపత్రికి ఇరవై మంది గార్డులను పెట్టాడు. తలకు 15 వేల చొప్పున నెలకు 3 లక్షల జీతాలు. గార్డు జీతం పదో తారీఖు దాటితే మరునాడు డ్యూటీకి రాడు. పీఎఫ్, ఈఎస్ఐ పదిహేనో తారీఖులోపు కట్టాలి, ఆలస్యమైతే వడ్డీ పడుతుంది. ఆసుపత్రి మాత్రం బిల్లును హాజరు పట్టీతో సరిచూసి, అకౌంట్సుకు పంపి, సంతకం కోసం ఆపి, మూడు నెలలకు చెక్కు ఇస్తుంది. అప్పటికి ఆయన జేబులోంచి జీతాలకే 9 లక్షలు పోయాయి. రిటైరైనప్పుడు చేతికొచ్చిన సొమ్ము కాస్తా ఇలా ఎవరి ఖాతాలోనో వడ్డీలేని అప్పుగా కూర్చుంటుంది. బ్యాంకుకు వెళ్తే తాకట్టు అడుగుతారు.

ఆయన పోటీదారుడు ఈ చిక్కును తేలిగ్గా విప్పుకుంటాడు. కాగితం మీద ఇరవై పేర్లు రాసి, గేటు దగ్గర పద్నాలుగు మందిని నిలబెడతాడు. పీఎఫ్ ఎగ్గొడతాడు. రేటు తక్కువ చెబుతాడు, టెండరు కొట్టేస్తాడు. సైన్యం నుంచి వచ్చినవాళ్లంతా హరిశ్చంద్రులని నేననను. కానీ లెక్క సరిగ్గా రాసేవాడు ఓడిపోయే పద్ధతిని మనమే పెట్టుకున్నాం.

చట్టంలో మందు లేకపోలేదు. ఉద్యమ్ నమోదు ఉన్న చిన్న సంస్థకు 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడింతల చక్రవడ్డీ. స్వయం ఉపాధికిచ్చే పీఎంఈజీపీ పథకంలో మాజీ సైనికులది ప్రత్యేక వర్గం. సొంత పెట్టుబడి 5 శాతం పెడితే చాలు, సబ్సిడీ పట్టణంలో 25, పల్లెలో 35 శాతం. లేనిది కొనుగోళ్లలో వాటా. కేంద్రం కొనేవాటిలో 25 శాతం చిన్న పరిశ్రమల నుంచి తీసుకోవాలనే విధానంలో ఎస్సీ, ఎస్టీలకు 4, మహిళలకు 3 శాతం ఉంది. మాజీ సైనికులకంటూ విడిగా ఏమీ లేదు. అమెరికాలో అంగవైకల్యం పొందిన మాజీ సైనికుల సంస్థలకు ఫెడరల్ కాంట్రాక్టుల లక్ష్యాన్ని 3 నుంచి 5 శాతానికి ఈమధ్యే పెంచారు.

దక్కనుకు ఈ కథ కొత్తది కాదు. హైదరాబాద్ బార్కస్‌లో ఉన్నది యెమెన్ హద్రమౌత్ నుంచి నిజాం కొలువుకొచ్చిన అరబ్బు సిపాయిల సంతతి. 1948లో ఆ ఫౌజు రద్దయింది, జీతాలు ఆగాయి. జామతోటలు, పళ్ల బండ్లు, తరువాత గల్ఫు. ఇవాళ బార్కస్ మండీ భోజనం కోసం నగరం నలుమూలల నుంచీ జనం వెళ్తారు. మాజీ సైనికుడి దగ్గర మాజీ సైనికుడే కొంటే అది సంఘం భోజనంతో సమానం. ఆ బస్తీతో సంబంధంలేని మనిషి వచ్చి గల్లాపెట్టెలో డబ్బు వేసినప్పుడే అది వ్యాపారమవుతుంది.

బోర్డు మీద ‘మిలిటరీ హోటల్’ అని ఉందని మటన్ తిని దేశసేవ చేశాననుకోకండి, దాని యజమాని మాజీ సైనికుడే కానక్కర్లేదు. కనుక్కుని వెళ్లండి. “అన్నా, ఒక మిలిటరీ బాటిల్ ఇప్పించు” అని అడగకండి. క్యాంటీను సరుకు బయట అమ్మడం నిబంధనలకు విరుద్ధం, పట్టుబడితే పోయేది అతని కార్డు. బేరం మామూలుగానే ఆడండి, ఒప్పుకున్న డబ్బు మాత్రం గడువులో ఇవ్వండి.

ఇక 2022లో మొదలైన అగ్నిపథ్ తొలి బ్యాచ్‌కు నాలుగేళ్లు నిండే సమయం ఇది. గరిష్ఠంగా నాలుగోవంతు మందిని ఉంచుకుని తక్కినవారిని ఇంటికి పంపుతారు. సేవానిధి సుమారు 11.71 లక్షలు, పింఛను ఉండదు. పాతికేళ్ల కుర్రవాడు ఆ డబ్బుతో షాపు తెరిచి కొటేషన్ తెస్తే, మన అపార్ట్‌మెంట్ కమిటీలూ కాలేజీలూ ఆసుపత్రులూ ‘మూడేళ్ల అనుభవం ఉండాలి’ అనే షరతు చూపించి వెనక్కి పంపుతాయి. వచ్చే కమిటీ మీటింగులో ఆ ఒక్క షరతు కొట్టేయించి, దాని స్థానంలో ‘ప్రతి నెలా పీఎఫ్ రసీదు చూపాలి’ అని రాయించండి.