అమ్మ జీతం... పాపాయి ఫీజు!

ఉదయం ఎనిమిది. కూకట్‌పల్లిలోనో, విశాఖ మధురవాడలోనో ఓ అపార్ట్‌మెంట్‌. ఒక చేత్తో టిఫిన్‌ బాక్సు మూత బిగిస్తూ, ఇంకో చేత్తో పాపాయి సంచి సర్దుతోంది అమ్మ. రెండు జతల బట్టలు, నాలుగు డైపర్లు, పాలసీసా, మెత్తగా కలిపిన పప్పన్నం డబ్బా, జ్వరం సిరప్‌... కింద నాన్న బండి స్టార్ట్‌ చేసి హారన్‌ కొడుతున్నాడు. తొమ్మిదింటికల్లా పాపను డేకేర్‌లో దింపాలి. తొమ్మిదిన్నరకి ఆఫీసులో ఉండాలి. ఏడుస్తున్న పిల్లను ఆయమ్మ చేతికిచ్చి వెనక్కి తిరగడం ఎంత కష్టమో ఆ తల్లిని అడిగితేనే తెలుస్తుంది. ఆ కష్టం గురించి అందరూ మాట్లాడతారు. నెల మొదటివారంలో వచ్చే రెండో కష్టం గురించి మాత్రం భార్యాభర్తలు తలుపేసుకుని మాట్లాడుకుంటారు. అదే... ఫీజు!

ప్రసూతి సెలవు ఇరవై ఆరు వారాలు. అంటే ఆర్నెల్లు. అది అయిపోయేనాటికి బిడ్డ సరిగ్గా బోర్లా పడి, కూర్చోవడం నేర్చుకుంటూ ఉంటుంది. బడి ఈడు రావడానికి ఇంకా మూడేళ్లు. ఆ మధ్యకాలమే అసలు పరీక్ష. మూడేళ్లపాటు రోజుకు తొమ్మిది, పది గంటలు బిడ్డను ఎవరు చూసుకోవాలి? ఎంత ఇచ్చి చూపించాలి?

బోర్డు మీద ఉండేది సగమే!

హైదరాబాద్‌ ఐటీ కారిడార్‌లో పేరున్న డేకేర్‌ అయితే నెలకు పన్నెండు వేల నుంచి పాతిక వేల దాకా అడుగుతారు. కాస్త లోపలి కాలనీల్లో, ఇంటి కింది పోర్షన్‌లో నడిపే చోట ఆరేడు వేలకూ దొరుకుతుంది. జిల్లా కేంద్రాల్లో ఇంకా తక్కువ, కానీ వెతికితే ఒకటో రెండో ఉంటాయి. బిడ్డ ఎంత చిన్నదైతే ఫీజు అంత పెద్దది. ఏడాది నిండనివాళ్లను తీసుకోబోమని చెప్పేసే చోట్లూ ఉన్నాయి.

అసలు ఫీజు ఒక ఎత్తు, కొసర్లు ఒక ఎత్తు. చేరేటప్పుడు అడ్మిషన్‌ ఫీజు. తిరిగిస్తారో లేదో తెలియని డిపాజిట్‌. భోజనం వేరు. సాయంత్రం ఆరున్నర దాటితే గంటకింత అని వేరు. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నామంటే గోడ గడియారం వినదు. సంక్రాంతికి వారం రోజులు ఊరెళ్లినా ఫీజు పూర్తిగా కట్టాల్సిందే. ఇక జ్వరం. ఒంట్లో వేడి ఉంటే బిడ్డను తీసుకురావద్దంటారు. మిగతా పిల్లలకు అంటుకోకూడదు కాబట్టి అది న్యాయమే. కానీ ఆ రోజు అమ్మానాన్నల్లో ఒకరు సెలవు పెట్టాలి, డేకేర్‌ ఫీజూ పోతుంది. డేకేర్‌లో చేరిన మొదటి ఏడాది పిల్లలకు జలుబులూ జ్వరాలూ ఎన్నిసార్లు వస్తాయో పిల్లల డాక్టర్లకు బాగా తెలుసు.

మూడో ఏడు వచ్చాక తీరిపోతుందనుకుంటారు. తీరదు. ప్లేస్కూలు తొమ్మిదింటికి మొదలై పన్నెండున్నరకు వదిలేస్తుంది. ఏ ఆఫీసూ పన్నెండున్నరకు వదలదు! దాంతో మధ్యాహ్నం నుంచి మళ్లీ డేకేర్‌. రెండు ఫీజులు, మధ్యలో ఆటో. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు ప్లేస్కూలు, నర్సరీ ట్యూషన్‌ ఫీజుకు మినహాయింపు ఉంది, అదీ ఎల్‌ఐసీ, పీఎఫ్‌లతో కలిపి లక్షన్నర పరిమితిలోనే. పిల్లను కనిపెట్టుకుని ఉన్నందుకు కట్టే డేకేర్‌ డబ్బు మాత్రం ఆ లెక్కలోకి రాదు.

లెక్క ఎవరి జీతంలోంచి?

ఓ ఇంటి లెక్క వేసి చూద్దాం. భార్యకు చేతికొచ్చేది 32 వేలు. భర్తకు 45 వేలు. డేకేర్‌ 12 వేలు. ఆటో ఖర్చు మూడు వేలు. ఆలస్యమైనందుకు కట్టేదీ, చిరుతిళ్లూ, డైపర్లూ మరో మూడు వేలు. మొత్తం 18 వేలు. భార్య జీతంలో మిగిలింది 14 వేలు. ‘‘ఈ పద్నాలుగు వేల కోసం పసిదాన్ని ఏడిపించాలా?’’ అని ఇంట్లో ఎవరో ఒకరు అంటారు. అత్తగారు కావచ్చు, పక్కింటి పిన్నిగారు కావచ్చు. చాలాసార్లు ఆ తల్లే తనతో తాను అనుకుంటుంది. నెల తిరక్కుండా రాజీనామా.

ఈ లెక్కలో కూడికలూ తీసివేతలూ సరిగ్గానే ఉన్నాయి. తప్పల్లా మొదటి గీతలోనే. 18 వేలు భార్య జీతంలోంచే ఎందుకు తీసేయాలి? బిడ్డ ఇద్దరిదీ కదా! ఇంటి అద్దె, బండి ఈఎంఐ, కేబుల్‌ బిల్లు ‘ఇంటి ఖర్చు’ అయినప్పుడు డేకేర్‌ ఒక్కటే ‘ఆమె ఉద్యోగం ఖర్చు’ ఎలా అయింది? 77 వేల రాబడిలోంచి 18 వేలు పోతే మిగిలేది 59 వేలు. ఆమె మానేస్తే మిగిలేది 45 వేలు, అందులోనూ డైపర్లు కొనాల్సిందే.

రెండో తప్పు, లెక్కను ఈ నెలతో ఆపేయడం. డేకేర్‌ మూడు నాలుగేళ్ల ముచ్చట. ఉద్యోగం పాతికేళ్లది. ఏటా ఎనిమిది శాతం ఇంక్రిమెంటు వేసుకున్నా 32 వేల జీతం నాలుగేళ్లకు 43 వేలు దాటుతుంది. నాలుగేళ్లు ఇంట్లో ఉండి తిరిగొస్తే పాత జీతమైనా ఇస్తారన్న భరోసా లేదు. 15 వేల మూలవేతనం మీద పీఎఫ్‌కు ఉద్యోగి 1,800, యజమాని 1,800 కడతారనుకుంటే మూడేళ్లకే లక్షా ముప్ఫై వేల దాకా పోయినట్టు. అయిదేళ్ల సర్వీసు నిండకుండా మానేస్తే పర్మినెంట్‌ ఉద్యోగికి గ్రాట్యుటీ కూడా అందదు. స్త్రీల సంపాదన ఎందుకు వెనకబడుతోందో చరిత్రంతా తవ్వి చూపినందుకు 2023లో ఆర్థికశాస్త్రంలో నోబెల్‌ అందుకున్న క్లాడియా గోల్డిన్‌ తేల్చిన విషయాల్లో ఇదొకటి: సంపన్న దేశాల్లో మగవాళ్ల జీతానికీ ఆడవాళ్ల జీతానికీ ఇప్పుడున్న తేడాలో ఎక్కువ భాగం మొదటి బిడ్డ పుట్టాకే మొదలవుతోంది.

బిడ్డతో ఇంట్లోనే ఉండాలని ఇష్టంగా అనుకునే తల్లులూ ఉంటారు. అది వేరే సంగతి. ఇష్టం లేకుండా, లెక్క కుదరక మానేసేవాళ్ల గురించే ఈ గోలంతా.

ఫీజు ఎక్కువ... ఆయమ్మ జీతం తక్కువ!

అంతంత ఫీజులు తీసుకుంటున్న డేకేర్లలో ఆయమ్మలు లక్షలు సంపాదిస్తున్నారా అంటే అదీ లేదు. వాళ్లవి నగరంలో అన్నిటికన్నా చిన్న జీతాల్లో ఒకటి. కిటుకు ఎక్కడుందంటే, ఇది మనుషులే చేయాల్సిన పని. యంత్రం పెట్టి ఒక ఆయమ్మతో ముప్ఫైమంది పసివాళ్లకు అన్నం తినిపించలేం. ఇంగ్లండ్‌లో రెండేళ్లలోపు పిల్లలు ముగ్గురికి ఒకరు చొప్పున చూసుకోవాలన్నది నియమం. రెండేళ్ల పిల్లల విషయంలో నలుగురికి ఒకరని ఉండేది, 2023 సెప్టెంబరు నుంచి అయిదుగురికి ఒకరు చాలన్నారు. ముగ్గురికి ఒకరంటే... ముగ్గురు బిడ్డల తల్లిదండ్రులు కలిసి ఒక మనిషి పూర్తి జీతం, దాంతోపాటు గది అద్దె, కరెంటు, వంటమనిషి ఖర్చు మోయాలన్నమాట. అందుకే ఫీజు తక్కువగా ఉందంటే సంతోషించే ముందు ఒక్కసారి తలలు లెక్కపెట్టుకోవాలి. ఎంతమంది పిల్లలకు ఎంతమంది ఆయమ్మలున్నారు? మధ్యాహ్నం నిద్రవేళ ఓసారి చెప్పకుండా వెళ్లి చూస్తే సీసీ కెమెరా చూపించనివి కూడా కనిపిస్తాయి.

అమ్మమ్మ ఆర్నెల్లు, నాయనమ్మ ఆర్నెల్లు

డేకేర్‌ మాట తలపెట్టకుండా గడిపేస్తున్న ఇళ్లూ లక్షల్లో ఉన్నాయి. అమ్మమ్మో నాయనమ్మో ఉంటే చాలు. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఇంటికి తాళం వేసి, లేదంటే తాతయ్యను కుక్కర్‌కు అప్పగించి నగరం వచ్చేస్తారు. అరవై దాటిన మోకాళ్లతో ఏడాది బిడ్డ వెనక పరుగెత్తడం, చంకనెత్తుకుని మెట్లెక్కడం... ‘మనవడి ముద్దు ముందు అదొక లెక్కా’ అంటారు పైకి. ఊళ్లో భజన మండలి, ఇరుగుపొరుగు, సొంత మంచం అన్నీ వదిలేసి పద్నాలుగో అంతస్తులో పగలంతా ఒంటరిగా గడిపే ఆ మనిషి బీపీ మాత్రల లెక్క ఎవరూ రాయరు. ఇది ఉచితంగా జరుగుతున్న పని కాదు. ఖర్చు పెడుతున్నది ఎవరో కనపడటం లేదంతే.

అమెరికాలోని తెలుగిళ్లలో ఇదే పద్ధతి వీసా లెక్కల ప్రకారం నడుస్తుంది. అక్కడ సాధారణ చట్టం ఇచ్చేది పన్నెండు వారాల సెలవు, అదీ జీతం లేకుండా. 1993 నాటి చట్టమది. బే ఏరియాలో పసిబిడ్డ డేకేర్‌ నెలకు రెండువేల డాలర్ల పైమాటే. దాంతో కాన్పుకు ముందే అమ్మ బయల్దేరుతుంది, ఆవకాయ జాడీతో సహా. విజిటర్‌ వీసా మీద వచ్చినవారిని సాధారణంగా ఒక విడతలో ఉండనిచ్చేది ఆర్నెల్లు. ఆమె తిరుగు విమానం ఎక్కే వారానికి అత్తగారు దిగేలా టికెట్లు తీస్తారు. ఇద్దరి టికెట్లూ, ఆరోగ్య బీమా కలిపినా డేకేర్‌ కన్నా తక్కువే. రెండో విడత అయిపోయేసరికి బిడ్డకు ఏడాది నిండుతుంది. ఆ తర్వాత కొందరు బిడ్డను ఇండియా పంపేస్తారు, ఒకటి రెండేళ్లు తాతయ్య దగ్గర పెరగడానికి. వీడియో కాల్‌లో అమ్మను చూసి నవ్వే బిడ్డ... ఆ ఖర్చు ఏ డాలర్లలో కట్టాలి?

ఇలా ఉండాల్సిన అవసరం లేకపోయేదే. 1971లో దేశమంతటా పిల్లల సంరక్షణ కేంద్రాలు పెట్టే బిల్లును అమెరికా పార్లమెంటు ఆమోదించింది. అధ్యక్షుడు నిక్సన్‌ ఆ డిసెంబరులో వీటో చేశారు. పొరుగున కెనడాలోని క్విబెక్‌ రాష్ట్రం 1997లో రోజుకు అయిదు డాలర్లకే డేకేర్‌ మొదలుపెట్టింది. పిల్లల తల్లులు పెద్దసంఖ్యలో ఉద్యోగాలకు వచ్చారు. స్వీడన్‌ 2002 నుంచి ఫీజుకు పరిమితి పెట్టింది. మొదటి బిడ్డకు ఇంటి ఆదాయంలో మూడు శాతానికి మించకూడదు. అమెరికాలోనే న్యూమెక్సికో 2025 నవంబరు 1 నుంచి ఆదాయంతో పని లేకుండా అందరికీ ఉచితం చేసింది.

చట్టం ఉంది... క్రెష్‌ ఏదీ?

మన దేశంలో చట్టాలకు లోటు లేదు. ముప్ఫైమందికి మించి మహిళలున్న ఫ్యాక్టరీలో క్రెష్‌ ఉండాలని ఫ్యాక్టరీల చట్టం చెప్పింది. ఆ నియమానికి దొరక్కుండా ఉండాలంటే ఏం చేయాలి? ఆడవాళ్ల సంఖ్య ముప్ఫై దాటకుండా చూసుకుంటే సరి! యాభైమందికి పైగా మహిళలున్న బీడీ కంపెనీలకూ 1966 చట్టం అదే మాట చెప్పింది. నిజామాబాద్‌, సిరిసిల్ల ప్రాంతాల్లో ఆడవాళ్లు బీడీలు చుట్టేది ఫ్యాక్టరీలో కాదు, ఇంటి అరుగు మీద. చాటలో ఆకు, పక్కన ఉయ్యాల. క్రెష్‌ ఎవరు పెడతారు?

2017లో ప్రసూతి చట్టాన్ని సవరించినప్పుడు ఈ లొసుగును కొంత సరిచేశారు. ఆడవాళ్లను కాదు, మొత్తం ఉద్యోగులను లెక్కపెట్టమన్నారు. యాభైమంది ఉంటే క్రెష్‌ సదుపాయం ఉండాలి, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోనివ్వాలి. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఇవి కొనసాగాయి. నాలుగైదు సంస్థలు కలిసి ఒకటే నడుపుకోవచ్చు కూడా. కానీ 2017 సవరణ చేసినప్పుడు ఒక్క మాట రాయలేదు, ఆ క్రెష్‌ ఫీజు ఎవరు కట్టాలో! దాంతో కొన్ని పెద్ద కంపెనీలు సగం భరించాయి, కొన్ని దగ్గర్లోని డేకేర్‌తో ‘టై అప్‌’ అని పదిశాతం తగ్గింపు కూపన్‌ చేతిలో పెట్టి సరిపెట్టాయి.

కూలి తల్లికి ఈ మాత్రం కూడా లేదు. 1969లో ఢిల్లీలో గాంధీ శతజయంతి నిర్మాణాల దగ్గర ఇసుకలో పడుకున్న పసివాళ్లను చూసి మీరా మహాదేవన్‌ ఓ గుడారంలో మొదలుపెట్టిన మొబైల్‌ క్రెషెస్‌ ఇప్పటికీ నడుస్తోంది. అంగన్‌వాడీలు 1975 నుంచి ఉన్నాయి. అయితే అవి మొదటినుంచీ ఆహారం కోసం, ఆటపాటల కోసం కొన్ని గంటలు నడిచేవి. పొద్దున ఎనిమిదికి పనికెళ్లి సాయంత్రం ఆరుకొచ్చే తల్లి బిడ్డకు సరిపోవు. అందుకోసమే ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు రోజుకు ఏడున్నర గంటలు నడిచేలా జాతీయ క్రెష్‌ పథకం తెచ్చారు. పేద కుటుంబమైతే నెలకు ఇరవై రూపాయలు, పన్నెండు వేల లోపు ఆదాయమైతే వంద, ఆపైన రెండొందలు. ఫీజుల పట్టికలో అంతకన్నా మంచి వరస ఎక్కడా కనిపించదు. కేంద్రాలే కనిపించవు! 2022లో ఆ పథకాన్ని ‘పాల్నా’గా మార్చి, అంగన్‌వాడీల్లోనే పూర్తిరోజు క్రెష్‌లు తెరుస్తామన్నారు. దేశం మొత్తానికి పెట్టుకున్న లక్ష్యం 17 వేలు. అంగన్‌వాడీలేమో పదమూడు లక్షలకు పైగా ఉన్నాయి.

ఉద్యోగంలో ఉన్న గర్భిణులు సెలవు చీటీ రాసేరోజే హెచ్‌ఆర్‌ను అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. క్రెష్‌ ఎక్కడ, ఎన్ని గంటలు, కంపెనీ వాటా ఎంత, నాలుగుసార్ల విరామం ఎలా ఇస్తారు, సెలవయ్యాక కొన్నాళ్లు ఇంటినుంచి పనిచేసే వీలుందా? సమాధానం నోటిమాటగా కాక ఈమెయిల్‌లో తీసుకోవాలి. మొదటి ప్రశ్న మాత్రం నాన్న పనిచేసే ఆఫీసులోనూ అడగవచ్చు. యాభైమంది అన్నప్పుడు చట్టం మగవాళ్లనూ కలిపే లెక్కపెట్టింది.