పండుగప్ప పిల్ల సుడి తిరిగితే

పొద్దున్నే హేచరీ తొట్టె మీదికి వంగి చూస్తే పండుగప్ప పిల్లలు మేత దగ్గరికి రావు. కొన్ని నల్లబడి నీటి పైన తేలుతుంటాయి. కొన్ని సుడిలో పడ్డ గడ్డిపరకల్లా ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంటాయి. ఇంకొన్ని గాలితిత్తి ఉబ్బి వెల్లకిలా పడిపోతాయి. కొద్ది రోజుల్లోనే తొట్టెకు తొట్టె తుడిచిపెట్టుకుపోవచ్చు. ఒంటి మీద పుండు ఉండదు, మచ్చ ఉండదు. రోగమంతా మెదడులో, కంటిపొరలో ఉంటుంది. మైక్రోస్కోపు కింద పెడితే అక్కడి కణజాలం జల్లెడలా చిల్లులు పడి కనిపిస్తుంది.

దీని పేరు వైరల్ నెర్వస్ నెక్రోసిస్. పొట్టిగా వీఎన్‌ఎన్ అంటారు. 1980ల చివర్లో జపాన్, ఆస్ట్రేలియా హేచరీల్లో గుర్తించారు. ఇప్పుడది 50కి పైగా జాతుల చేపల్లో కనిపిస్తోంది. మధ్యధరా తీరంలో పెంచే సీబాస్‌నూ, ఆగ్నేయాసియా గ్రూపర్లనూ వదల్లేదు. దీన్ని తెచ్చే బీటానోడా వైరస్‌కు కరోనాకున్నట్టు కొవ్వు పొర ఉండదు. అందుకే సబ్బుకు సులువుగా లొంగదు, నీళ్లలో చాలాకాలం బతుకుతుంది. తినేవాళ్లకు మాత్రం భయం లేదు, ఇది మనుషులకు సోకదు.

మన దేశంలో 1997లో చెన్నైలోని కేంద్ర ఉప్పునీటి ఆక్వాకల్చర్ సంస్థ (సీబా) శాస్త్రవేత్తలు పండుగప్పతో హేచరీలో గుడ్లు పెట్టించారు. 2007లో విశాఖ సముద్రంలో పంజరం దించి అందులో పండుగప్పను పెంచే ప్రయోగం జరిగింది. కృష్ణా, గోదావరి డెల్టాల చెరువుల్లోకీ ఈ చేప వచ్చింది. 1994-95లో తెల్లమచ్చ తెగులుకు టైగర్ రొయ్య పోయి, చెరువులు ఎండబెట్టుకున్న తీరం ఇది. పీసీఆర్ పరీక్ష చేసిన సీడు కావాలని అడగడం రొయ్య రైతు ఆ దెబ్బతోనే నేర్చుకున్నాడు. పండుగప్ప సీడు కొనేటప్పుడూ ఆ మాట అంత గట్టిగానే అడగాలి.

ఎందుకంటే ఈ వైరస్ తల్లి నుంచి గుడ్డుకు దిగుతుంది. తల్లి చేప నిగనిగలాడుతూ ఉంటుంది, మేత తింటుంది, లోపల వైరస్‌ను మోస్తుంటుంది. పరీక్ష చేస్తే తెలిసిపోదా అంటే, చిక్కంతా అక్కడే ఉంది. వైరస్ ఎక్కువగా దాక్కునేది మెదడులో. మెదడు తీసి చూడాలంటే చేపను చంపాలి. పండుగప్ప మొదట మగచేపగా ఎదిగి, కొన్నేళ్లకు ఆడచేపగా మారుతుంది. అన్నేళ్లు సాకిన తల్లి చేపను ఏ హేచరీ చంపుకుంటుంది? చంపకుండా రక్తమో గుడ్లో తీసి చూస్తే, ఒక్కోసారి వైరస్ ఉన్నా లేనట్టే వస్తుంది. తీరా గుడ్లు పెట్టే ఒత్తిడిలో అది బయటపడుతుంది. అందుకే ఒక్క పరీక్ష కాగితం చూసి నిశ్చింతగా ఉండకూడదని నేను గట్టిగా నమ్ముతున్నాను. తల్లిని మళ్లీ మళ్లీ పరీక్షించాలి. గుడ్లను ఓజోన్ కలిపిన సముద్రపు నీటితో కడగాలి. పచ్చి చేప ముక్కల మేత మానాలి, వైరస్‌కు అదీ ఒక దారే. బతికిపోయిన పిల్లలను అదృష్టమనుకుని మరో తొట్టెలో కలపకూడదు. వాటిలో వైరస్ ఉండిపోవచ్చు.

సీబా ఈ రోగానికి ఇంజెక్షన్ టీకా తయారుచేసింది. దాన్ని మార్కెట్‌కు తేవడానికి హైదరాబాద్‌లోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ ముందుకొచ్చింది. ఇది పెద్ద అడుగే. కానీ ఎక్కువగా చచ్చేది రెండు మూడు వారాల పిల్లలు, వాటి ఒంట్లో సూది దిగే చోటెక్కడ? మరి తల్లికే వేస్తే? తైవాన్‌లో గ్రూపర్ తల్లి చేపలకు టీకా వేసి చూశారు. తల్లి నుంచి పిల్లకు వైరస్ దిగే ప్రమాదం తగ్గింది. మన పండుగప్ప తల్లుల మీదా ఆ పని జరగాలి, ముందుగా విత్తనం అమ్మే హేచరీల్లోనే.