పాత గార్డెన్ ట్రాక్టరుకు తగిన ఇంజిన్ ఆయిల్

అమెరికాలో పెరటి పచ్చిక కోయడానికి, చిన్న మడులు దున్నడానికి 1960, 70 దశకాల్లో తయారైన గార్డెన్ ట్రాక్టర్లలో చాలావాటికి కోహ్లర్ కె-శ్రేణి ఒంటి సిలిండర్ ఇంజినే గుండెకాయ. గాలితో చల్లబడే ఈ ఇంజిన్‌లో ఆయిల్ పంపు గానీ, ఫిల్టర్ గానీ ఉండవు. కనెక్టింగ్ రాడ్డు కింది అంచున ఉన్న కొమ్ము అడుగున నిలిచిన ఆయిల్‌ను చిమ్ముతూ భాగాలన్నిటినీ తడుపుతుంది. వడపోత లేనందున మలినాలు అందులోనే మిగిలిపోతాయి కనుక, ఏ కంపెనీ ఆయిల్ అన్నదానికన్నా 25 గంటల పనికోసారి దాన్ని మార్చడమే నిజంగా ముఖ్యం. చిక్కదనాన్ని తెలిపే ఎస్.ఎ.ఇ. సంఖ్యను బట్టి, 0 డిగ్రీల సెల్సియస్‌కు పైన 30, అంతకు దిగువన చలిలోనూ సులువుగా పారే 10డబ్ల్యూ-30 తగినవి. ఎండాకాలంలో రెండోది వాడితే ఆయిల్ త్వరగా తరిగిపోవచ్చు గనుక డిప్‌స్టిక్‌తో మట్టాన్ని తరచు చూసుకోవాలి.