చదివిన మాట – పలికిన మాట

అక్షరములును గుణింతమును నేర్చిన బాలిక తానెన్నడును వినని తెలుగు మాటనైనను చూచినంతనే చదువగలదు. ఆంగ్లభాషలో ఇట్టి సౌకర్యము లేదు. అందు వ్రాత యొక దారిని, పలుకుబడి మఱియొక దారిని పోవుచుండును. అందుచేత ఇంటిపట్టున నుండి ఆంగ్ల గ్రంథములను విరివిగా చదివి, అర్థమును చక్కగా గ్రహించు స్త్రీలు పెక్కండ్రు ఆ మాటలను నలుగురిలో పలుకుటకు జంకుచుందురు. ఒక్క మాట తప్పినచో ప్రక్కవారు నవ్వుదురు. ఆ నవ్వుతో నోరు మూతవడును. ఇందలి దోషము చదువరిదా, భాషదా యని విచారింపవలసియున్నది.

సారరూపమను అర్థముగల "ఎపిటమీ" అను మాటను పుస్తకములో మాత్రమే చూచినవారు "ఎపిటోమ్" అని చదువుదురు. అతిశయోక్తికి పేరైన "హైపర్‌బొలీ" వారి నోట "హైపర్‌బోల్" అగును. తప్పుదారి పట్టింపబడెనను అర్థముగల "మిస్‌లెడ్" అను మాటను "మైజిల్డ్" అని చదువుకొనినవారు ఆంగ్లము మాతృభాషగా గలవారిలోనే కలరు. మన పిల్లలు మక్కువతో చదువు హారీ పాటర్ కథలలోని "హర్మయొనీ" యను బాలిక పేరును ఎట్లు పలుకవలయునో తెలియక ఎందఱో చదువరులు తికమకపడిరి. 2000 సంవత్సరమున వెలువడిన నాలుగవ సంపుటములో రచయిత్రి రౌలింగు, ఆ బాలిక చేతనే ఒక విదేశీయునకు ఆ పేరు విడదీసి చెప్పించినది.

ఈ చిక్కు ఊరక వచ్చినది కాదు. వీరయోధుడను అర్థముగల "నైట్" అను మాటకు మొదట "కే" అను అక్షరమును, నడుమ "జీ", "హెచ్" అను అక్షరములును వ్రాయుదురు. పూర్వము ఆ మాటను ఇంచుమించు "క్నిఖ్ట్" అని పలికెడివారు. దానికి జ్ఞాతియైన జర్మను మాట "క్నెఖ్ట్"లో ఆ కకారము నేటికిని వినబడుచున్నది. పేరను అర్థముగల "నేమ్" అను మాట ఒకప్పుడు ఇంచుమించు "నామ" అనియే పలుకబడెడిది. మన సంస్కృత నామశబ్దమునకు అది దూరపు చుట్టమే.

1400 మొదలు 1700 వఱకు సుమారు మూడువందల యేండ్లలో ఆంగ్లమునందలి దీర్ఘస్వరములు క్రమముగా మాఱిపోయినవి. ఆ కాలముననే, 1476లో, విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టరులో ముద్రాలయమును నెలకొల్పెను. అచ్చు వ్యాపించినకొలది వ్రాత స్థిరపడెను. పలుకు మాత్రము మాఱుచునే యుండెను.

పండితులును ఈ చిక్కును కొంత పెంచిరి. అప్పు అను అర్థముగల "డెట్" ఫ్రెంచినుండి వచ్చినప్పుడు అందు "బీ" లేదు. లాటిను "డెబిటుమ్"ను స్మరించి వారు దానిని చేర్చిరి. నోరు దానిని అంగీకరింపలేదు. ద్వీపమునకు పేరైన "ఐలెండ్"లోని "ఎస్" లాటిను "ఇన్సులా"తో లేని బంధుత్వమును ఊహించుటచే చేరినది. తరువాత 1828లో అమెరికాలో నోవా వెబ్‌స్టరు ప్రకటించిన నిఘంటువు "కలర్" వంటి మాటలలో "యూ"ను తొలగించినది గాని, మూగయక్షరములు పెక్కు నిలిచియే యున్నవి.

మన లిపియు పూర్తిగా నిర్దోషము కాదు. పఱచుకొను "చాప"కును, విల్లను అర్థముగల "చాపము"నకును మొదటి యక్షరమొక్కటియే, ధ్వనులు వేఱు. "జ్ఞానము" అని వ్రాసి "గ్నానము" అని పలుకుదుము. చిన్ననాటనే చెవితో నేర్చితిమి గనుక ఇది మనకు వింతగా తోపదు. ఆంగ్లమును కంటితో నేర్చినవారికి ఆ చెవి సాయమే కొఱవడినది.

కొన్ని గుర్తులు ఉపకరించును. మాట మొదట "కే" పిదప "ఎన్" ఉన్నచో "కే" పలుకదు. బొటనవ్రేలను అర్థముగల "థమ్"లో వలె, చివర "ఎమ్" పిదప వచ్చు "బీ" మౌనముగా నుండును. గ్రీకునుండి వచ్చిన "ఎపిటమీ", "కటాస్ట్రఫీ" వంటి మాటలలో తుది "ఈ" పలుకును. ఫ్రెంచినుండి వచ్చిన "బాలే", "బఫే" వంటి వానిలో తుది "టీ" తఱుచుగా పలుకదు. వీనికి అపవాదములు కలవు గనుక, క్రొత్తమాట కనబడినప్పుడు అర్థముతోపాటు ఉచ్చారణమును గూడ నిఘంటువున చూచుట మేలు. నేటి చేతిఫోనులోని నిఘంటువులు మాటను పలికి వినిపించును గూడ. రెండుమూడు మాఱులు విని, పైకి పలికినచో నాలుకకు అలవడును.

మాటను తప్పుగా పలికి, దాని అర్థమును సరిగా చెప్పు స్త్రీ, దానిని ఎవరును నేర్పకయే పుస్తకమునుండి స్వయముగా సంపాదించుకొన్నదని గ్రహింపవలయును. కావున మన బిడ్డలు గాని, కోడండ్రు గాని అట్లు పలికినప్పుడు నవ్వరాదు. "ఈ మాటను ఏ పుస్తకములో చూచితివమ్మా?" అని అడిగి, సరియైన పలుకును మెల్లగా చెప్పుడు. ఉచ్చారణము ఒక పూటలో దిద్దుకొనవచ్చును. నవ్వులకు జంకి ఒకసారి మానిన చదువును మరల పట్టుట కష్టము.