యూదమతం - విద్యార్థి గ్రహించవలసినది

యూదమతం అనగానే ముస్లిం విద్యార్థికి దివ్యఖుర్ఆన్‌లోని బనీ ఇస్రాయీల్ వృత్తాంతాలు జ్ఞాపకం వస్తాయి. ఆ మతాన్ని క్షుణ్ణంగా ఎరిగిన అతిథి ఉపన్యాసకుడు బోధించినప్పుడు మాత్రం అతనికొక కొత్త సంగతి తెలుస్తుంది: యూదుల ధర్మశాస్త్రం తౌరాత్‌తోనే ముగిసిపోలేదు.

లిఖిత తౌరాత్‌తోపాటు మౌఖిక బోధ కూడా హజ్రత్ మూసా (అలై) నుండే సంక్రమించిందని వారి సంప్రదాయ పండితుల విశ్వాసం. ఆ బోధ క్రీ.శ. 200 ప్రాంతంలో ‘మిష్నా’గా సంకలనమయింది. దానిపై ఇరాక్‌లోని విద్యాపీఠాల్లో తరతరాలు సాగిన చర్చలే బాబిలోనియా ‘తల్మూద్’. వారి ధర్మశాస్త్రం పేరు ‘హలాఖా’. నడక అనే అర్థంగల ధాతువు నుండి పుట్టిన మాట అది. ‘షరీఅత్’ అన్నా మార్గమే గదా!

అయితే పోలిక ఉన్నంతమాత్రాన రెండూ ఒకటి కావు. హదీసు దైవప్రవక్త (స) పలుకులను, చేతలను ఉల్లేఖకుల పరంపరతో అందిస్తుంది. మిష్నాలో అధికభాగం పండితుల తీర్పులు, వారి అభిప్రాయభేదాలు.

ముస్లిం రాజ్యాలలోని యూద పండితులకు అరబీ పరాయిభాష కాదు. సాదియా (882-942) తౌరాత్‌ను అరబీలోకి అనువదించాడు. మూసా బిన్ మైమూన్ (మరణం 1204) తన ‘దలాలతుల్ హాయిరీన్’ను అరబీ భాషలో, హీబ్రూ లిపిలో రచించాడు.

దైవప్రవక్త (స) ఆజ్ఞపై హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) యూదుల లిపి నేర్చుకున్నారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. ఇతరుల మతాన్ని వారి గ్రంథాల ద్వారానే తెలుసుకోవడం వల్ల విశ్వాసం సడలదు. విభేదించవలసినచోట న్యాయం తప్పకుండా విభేదించే శక్తి కలుగుతుంది.