చిరిగిన స్పీకర్ పాట

ఎలక్ట్రిక్ గిటార్‌ను దేనికీ తగిలించకుండా మీటితే పక్కగదికి కూడా వినపడదు. వీణకున్నట్టు దానికి బోలు కుండ ఉండదు. చాలావాటికి ఒళ్లంతా గట్టి చెక్క దిమ్మే. తీగ అదురును దాని కింద అమర్చిన అయస్కాంతమూ రాగి తీగ చుట్టా పట్టుకుని విద్యుత్తుగా మారుస్తాయి. ఆంప్లిఫయర్ ఆ విద్యుత్తును పెంచి స్పీకర్‌కు అందిస్తుంది. శక్తికి మించి పెంచబోతే తరంగాల కొనలు తెగిపోతాయి. నున్నగా రావలసిన స్వరం గరగరమంటుంది, అడుగున అణిగి ఉండే అనుస్వరాలన్నీ పైకి లేస్తాయి. ఆంప్లిఫయర్లు తయారుచేసిన తొలితరం ఇంజినీర్ల లెక్కలో ఇది లోపం. క్లాసిక్ రాక్, పంక్, హెవీ మెటల్ మూడూ ఆ లోపాన్నే తమ గొంతు చేసుకున్నాయి.

ఆ గొంతు మొదట అమెరికా నల్లజాతి వారిది. మిసిసిపీ పత్తిచేల నడుమ పెరిగిన బ్లూస్ పాట, పని వెతుక్కుంటూ ఉత్తరాదికి వలసపోయిన కూలీల వెంట షికాగో చేరింది. 1943లో అలా వెళ్లినవారిలో మడ్డీ వాటర్స్ ఒకరు. పల్లెలో అరుగు మీద కూర్చుని పాడినట్టు షికాగో బార్లలో పాడితే ఆ గోలలో ఎవరి చెవికీ ఎక్కదు. అందుకే ఆయన ఎలక్ట్రిక్ గిటార్ పట్టారు. 1951 మార్చిలో ఐక్ టర్నర్ బృందం మిసిసిపీ నుంచి మెంఫిస్‌లోని సామ్ ఫిలిప్స్ స్టూడియోకు వెళ్తుంటే దారిలో ఆంప్లిఫయర్ దెబ్బతింది. బాగుచేయించే వ్యవధి లేక స్పీకర్‌లో కాగితాలు కుక్కి వాయించారు. అలా రికార్డయిన ‘రాకెట్ 88’ను తొలి రాక్ అండ్ రోల్ పాటల్లో ఒకటిగా లెక్కిస్తారు. అదే ఫిలిప్స్ 1954లో ఎల్విస్ ప్రెస్లీ చేత పాడించారు. అయితే రాక్ గిటార్‌కు వ్యాకరణం రాసింది మాత్రం చక్ బెర్రీ అనాలి. ఆయన 1958 నాటి ‘జానీ బి. గుడ్’ పాట, 1977లో వాయేజర్ నౌకలతో అంతరిక్షంలోకి పంపిన బంగారు పూత రికార్డులో, మన కేసర్‌బాయి కేర్కర్ భైరవి పక్కన చోటు దక్కించుకుంది.

ఈ పాటలకు స్వదేశంలో కంటే అట్లాంటిక్ అవతల భక్తులు ఎక్కువగా దొరికారు. యుద్ధం తర్వాత ఇంగ్లండులో పెరిగిన కుర్రాళ్లు అమెరికన్ బ్లూస్ రికార్డులను అరగదీసి నేర్చుకున్నారు. రోలింగ్ స్టోన్స్ తమ పేరును మడ్డీ వాటర్స్ పాట నుంచే తీసుకున్నారు. 1964 ఫిబ్రవరి 9న బీటిల్స్ అమెరికా టీవీలో పాడితే 7 కోట్ల 30 లక్షల మంది చూశారని లెక్క. సొంతింటి పాట మళ్లీ సముద్రం దాటి వచ్చాకే చాలామంది తెల్ల అమెరికన్లు దాన్ని చెవిన పెట్టారు.

అదే ఏడాది లండన్‌లో డేవ్ డేవీస్ అనే 17 ఏళ్ల కుర్రాడు తన చిన్న ఆంప్లిఫయర్ స్పీకర్‌ను బ్లేడుతో కోశాడు. చిరిగిన కాగితపు శంకువు అదిరినప్పుడల్లా చరచరమని పలికింది. కింక్స్ బృందం ‘యూ రియల్లీ గాట్ మీ’లో వినిపించేది ఆ చప్పుడే. మెంఫిస్‌లో అనుకోకుండా జరిగినదాన్ని ఈ పిల్లవాడు కావాలని చేశాడు. రాక్ చరిత్రలో అసలు మలుపు ఇక్కడుంది.

ఆ తర్వాత పరికరాలు చకచకా పెరిగాయి. పశ్చిమ లండన్‌లో డ్రమ్స్ దుకాణం నడిపే జిమ్ మార్షల్ 1962లో ఆంప్లిఫయర్లు చేయించడం మొదలుపెట్టారు. ‘ద హూ’ బృందం గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ ఇంకా మోత కావాలని పట్టుబట్టడంతో 100 వాట్ల యంత్రాలు, మనిషెత్తు స్పీకర్ల దొంతరలు వచ్చాయి. 1966లో లండన్ చేరిన అమెరికన్ జిమీ హెండ్రిక్స్ వాటితో ఎవరూ ఊహించని పని చేశారు. గిటార్‌ను స్పీకర్‌కు దగ్గరగా తెస్తే స్పీకర్ శబ్దమే తీగను మళ్లీ కదిలిస్తుంది, ఆ శబ్దం మళ్లీ స్పీకర్‌లోకి పోతుంది. మైకు కీచుమన్నట్టు కూత పుడుతుంది. ఆ కూతను ఆయన స్వరంలా మలిచి, వంచి, నిలబెట్టి చూపారు. 1969 ఆగస్టు 18 ఉదయం వుడ్‌స్టాక్‌లో జనం చాలావరకు వెళ్లిపోయాక అమెరికా జాతీయగీతాన్ని వాయించినప్పుడు, మధ్యలో బాంబులు పడుతున్నట్టూ విమానాలు దూసుకొస్తున్నట్టూ గిటార్ అరిచింది. అవి వియత్నాం యుద్ధం రోజులు. ఒక్క మాట లేకుండా యుద్ధాన్ని అంత సూటిగా వినిపించిన ప్రదర్శన మరొకటి దొరకడం కష్టం. మరుసటి ఏడాది 27 ఏళ్లకే ఆయన చనిపోయారు.

మూడు నిమిషాల చిన్న రికార్డుల స్థానంలో నలభై నిమిషాల ఎల్పీలు రావడంతో పాట నిడివీ, ఆశయమూ పెరిగాయి. 1967లో బీటిల్స్ ‘సార్జెంట్ పెప్పర్’ దారి చూపింది. 1973లో వచ్చిన పింక్ ఫ్లాయిడ్ ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ కోట్లలో అమ్ముడుపోయింది. లెడ్ జెపెలిన్ గిటారిస్టు జిమీ పేజ్, గాయకుడు రాబర్ట్ ప్లాంట్ 1972లో బొంబాయి వచ్చి, ఇక్కడి వాద్యకారులతో తమ పాటలు రెండింటిని రికార్డు చేసి చూసుకున్నారు. 1971 డిసెంబరు 4న స్విట్జర్లాండులోని మాంట్రూలో ఫ్రాంక్ జాపా కచేరీ జరుగుతుండగా మంటలు లేచి క్యాసినో కాలిపోయింది. అక్కడ రికార్డింగ్ చేయాలని వచ్చిన డీప్ పర్పుల్ బృందం, సరస్సు మీద పరుచుకున్న పొగను చూసి ‘స్మోక్ ఆన్ ద వాటర్’ కట్టింది. గిటార్ కొన్నవాళ్లలో చాలామంది మొదట నేర్చుకునేది ఆ పాట ఎత్తుగడే. ఈ సంగీతాన్ని ఆ రోజుల్లో ఉత్త రాక్ అనేవారు. ‘క్లాసిక్’ అన్న మాటను 1980లలో పాత పాటలు వేసే అమెరికా ఎఫ్ఎం రేడియోలు స్థిరపరిచాయి.

హెవీ మెటల్ పుట్టుకకు ఊరు, పేట కూడా చెప్పవచ్చు: బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్. కార్ల విడిభాగాలు, రేకు సామాన్లు చేసే కార్ఖానాల ఊరది. 1965లో టోనీ అయోమీ అనే 17 ఏళ్ల కుర్రాడు అక్కడి ఒక రేకుల కార్ఖానాలో వెల్డింగ్ పని చేసేవాడు. బృందంతో కలిసి జర్మనీ వెళ్లబోతూ పని మానేసిన చివరి రోజు అది. మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చి ఇక వెళ్లననుకుంటే, ఒప్పుకున్న రోజు పూర్తిచేసి రమ్మని తల్లి పంపింది. ప్రెస్సు మీద పనిచేసే మనిషి ఆ రోజు రాలేదు. అలవాటు లేని ఆ యంత్రం దగ్గర నిలబెట్టారు. కుడిచేతి నడిమివేలు, ఉంగరపు వేలు కొనలు తెగిపోయాయి. అతనిది ఎడమచేతి వాటం. తీగల మీద స్వరస్థానాలు అదమాల్సింది ఆ కుడిచేతి వేళ్లతోనే.

ఆశ వదిలేసి కూర్చున్న అతనికి కార్ఖానా ఫోర్‌మన్ ఒక రికార్డు తెచ్చి వినిపించాడు. అది జాంగో రైన్‌హార్ట్‌ది. నిప్పుల్లో చెయ్యి కాలి, స్వరాలకు రెండు వేళ్లే గట్టిగా పనిచేసే స్థితిలో యూరప్ జాజ్ గిటార్‌కు మకుటమైన మనిషి. అయోమీ లేచాడు. గిన్నెలు తోమే సబ్బునీళ్ల ప్లాస్టిక్ సీసా కరిగించి, వేళ్లకు సరిపోయే తొడుగులు చేసుకుని, పైన తోలు ముక్క అంటించాడు. తొడుగుల కింద తీగ స్పర్శ తెలియదు. మందపు తీగలు అదమడం బాధ కనుక పల్చటివి వేశాడు. 1971 నాటికి తీగల బిగువును మూడు స్వరస్థానాల మేర కిందికి సడలించాడు కూడా. వేళ్లకు సుఖం దొరికింది. గిటార్ గొంతు మాత్రం అంతకు ముందు ఎవరూ వినని లోతుకు దిగింది.

ఇందులో మరో కిటుకుంది. మోత పెంచిన గిటార్ మీద షడ్జమం, గాంధారం, పంచమం కలిపి మీటితే అనుస్వరాలు ఒకదానితో ఒకటి కొట్టుకుని బురదగా వినిపిస్తాయి. గాంధారాన్ని తీసేసి షడ్జమ పంచమాలే మీటితే బండరాయిలా గట్టిగా పలుకుతుంది. దీన్ని పవర్ కార్డ్ అంటారు. తంబురా శ్రుతిలో ఉండే స, ప లే ఇవి. మెటల్‌కూ పంక్‌కూ కూడా పునాది ఇదే.

అయోమీ, కబేళాలో పనిచేసి వచ్చిన గాయకుడు ఆజీ ఆస్‌బర్న్, బేస్ గిటార్ వాయిస్తూ పాటలు రాసే గీజర్ బట్లర్, డ్రమ్మర్ బిల్ వార్డ్: నలుగురూ ఆస్టన్ వాళ్లే. ఒక దెయ్యాల సినిమా పేరు చూసి తమ బృందానికి ‘బ్లాక్ సబ్బత్’ అని పేరు పెట్టుకున్నారు. దాదాపు ఒక్క రోజులో రికార్డు చేసిన తొలి ఆల్బమ్ 1970 ఫిబ్రవరి 13న వచ్చింది. దాని మొదటి పాట ఎత్తుగడలో మూడే స్వరాలు: షడ్జమం, తారషడ్జమం, అక్కణ్నుంచి కిందికి ప్రతిమధ్యమం. షడ్జమంతో ప్రతిమధ్యమానికుండే ఆ దూరాన్ని పాశ్చాత్య సంగీతజ్ఞులు ఒకప్పుడు సంగీతంలోని దెయ్యం అన్నారు. కల్యాణి రాగంలో మనకు మంగళకరంగా వినిపించే ప్రతిమధ్యమమే, అక్కడ నెమ్మదిగా, బరువుగా మోగి ఒళ్లు జలదరింపజేస్తుంది. ఆనాటి విమర్శకులు ఈ ఆల్బమ్‌ను మొరటు చప్పుడని కొట్టిపారేశారు. పగలంతా ప్రెస్సుల దెబ్బలు వినే పేటల నుంచి వచ్చిన సంగీతం అలాగే ఉంటుందన్నది వారికి తట్టలేదు. ‘వార్ పిగ్స్’ పాటలో యుద్ధం నడిపించే పెద్దల మీద బట్లర్ కురిపించిన కోపాన్నీ చాలామంది పట్టించుకోలేదు.

1970ల నడుమ రాక్ బృందాలు స్టేడియాలకు ఎదిగాయి. వేదికకూ జనానికీ మధ్య దూరం పెరిగింది. ఒక్కో సోలో పావుగంట సాగేది. దీన్ని న్యూయార్క్‌లో రమోన్స్ అనే పంక్ బృందం తిరగేసింది. సీబీజీబీ అనే ఇరుకు క్లబ్బులో తయారైన ఈ నలుగురి తొలి ఆల్బమ్ 1976 ఏప్రిల్‌లో వచ్చింది. అరగంట కూడా లేని నిడివిలో 14 పాటలు. సోలోలు లేవు, ఆగడం లేదు. ఆ జులైలో లండన్‌లో వారి కచేరీ విన్న కుర్రకారు అప్పటికే రగులుతోంది. బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య పది లక్షలు దాటిన కాలమది.

అంతకు నెల ముందు, 1976 జూన్ 4న మాంచెస్టర్‌లోని ఒక చిన్న హాల్లో లండన్ పంక్ బృందం సెక్స్ పిస్టల్స్ వాయించింది. వచ్చింది కొన్ని పదుల మంది. వారిలో ఇద్దరు ముగ్గురు తర్వాత ‘జాయ్ డివిజన్’ కట్టారు, ఒకరు ‘స్మిత్స్’ గాయకుడయ్యారు. కచేరీ ఏర్పాటు చేసిన కుర్రాళ్లే ‘బజ్‌కాక్స్’. వీళ్లు 1977 జనవరిలో అప్పు చేసి సొంతంగా తొలి రికార్డు వెయ్యి ప్రతులు వేసుకున్నారు. పెద్ద కంపెనీ గడప తొక్కకుండా రికార్డు తేవచ్చన్న ధైర్యం దేశమంతా పాకింది. పంక్ ఇచ్చిన అసలు ఆస్తి ఇదే. బట్టలకు గుచ్చుకున్న పిన్నీసులు, నిలబెట్టిన రంగు జుట్టు త్వరలోనే దుకాణాల సరుకయ్యాయి. ఒక చిన్న పంక్ పత్రిక మూడు కార్డుల బొమ్మలు గీసి, ఇక బృందం కట్టుకోండని పాఠకులకు చెప్పింది. అంతవరకు రాక్ వేదిక మీద చోటు దొరకని అమ్మాయిలూ ముందుకొచ్చారు. ‘స్లిట్స్’ బృందం, సోమాలీ తండ్రికి పుట్టిన పాలీ స్టైరీన్ ఆ కాలం వారే.

1977లో ఎలిజబెత్ రాణి రజతోత్సవాల వేళ సెక్స్ పిస్టల్స్ రాణిని నిలదీసిన పాటను బీబీసీ నిషేధించింది. అయినా అమ్మకాల్లో రెండో స్థానానికి ఎక్కింది. 1978 జనవరికే ఆ బృందం చీలిపోయింది. దానికన్నా మరో పంక్ బృందం ‘క్లాష్’ నడిచిన దారి గట్టిది. బ్లూస్ వాయించి పేరు తెచ్చుకున్న ఎరిక్ క్లాప్టన్ 1976 ఆగస్టులో బర్మింగ్‌హామ్ వేదిక మీద వలసదారులను వెళ్లగొట్టాలన్న ధోరణిలో మాట్లాడారు. ఆ మాటలకు తర్వాత పశ్చాత్తాపం చెప్పుకున్నారు గానీ, వాటికి జవాబుగా ‘రాక్ అగైనెస్ట్ రేసిజం’ ఉద్యమం లేచింది. 1978 ఏప్రిల్ 30న లండన్ విక్టోరియా పార్కులో క్లాష్, పాలీ స్టైరీన్ బృందం, నల్లజాతి రెగే బృందం స్టీల్ పల్స్ ఒకే వేదిక ఎక్కారు.

పంక్ ఊపులో మెటల్ పని అయిపోయిందని పత్రికలు రాశాయి. జరిగింది వేరు. మెటల్ పంక్ నుంచి వేగం అప్పు తెచ్చుకుంది. లెమీ నడిపిన ‘మోటర్‌హెడ్’ను రెండు పక్షాలవారూ తమదే అనుకున్నారు. బర్మింగ్‌హామ్ ప్రాంతపు జూడాస్ ప్రీస్ట్ బ్లూస్ వాసన పూర్తిగా వదిలించి, జంట గిటార్లను, ఇనుప బొడిపెల తోలు దుస్తులను మెటల్‌కు గుర్తుగా చేసింది. తూర్పు లండన్ నుంచి ఐరన్ మెయిడెన్ వచ్చింది. వీటిని విని పెరిగిన మెటాలికా 1983లో కాలిఫోర్నియా నుంచి ‘కిల్ ఎమ్ ఆల్’ తెచ్చింది. అరచేతి అంచు తీగల మీద ఆనించి వేగంగా మీటే ఆ పద్ధతికి థ్రాష్ అని పేరు. 1985 సెప్టెంబరు 19న అమెరికా సెనేట్ కమిటీ మెటల్‌తో సహా రాక్ పాటల్లోని మాటల మీద విచారణ జరిపింది; ఆ తర్వాతే ఆల్బమ్‌ల మీద హెచ్చరిక చీటీలు వచ్చాయి. 1991లో నిర్వాణా ‘నెవర్‌మైండ్’లో మెటల్ బరువూ పంక్ తెగువా కలిసిపోయాయి. 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్, 2011 అక్టోబరులో మెటాలికా బెంగళూరు ప్యాలెస్ మైదానంలో వాయించాయి.

2025 జులై 5న ఆస్టన్‌లోని విల్లా పార్కు ఫుట్‌బాల్ స్టేడియంలో బ్లాక్ సబ్బత్ నలుగురూ చివరిసారి కలిశారు. పార్కిన్సన్స్ వ్యాధితో నిలబడలేని ఆజీ సింహాసనంలాంటి కుర్చీలో కూర్చుని పాడారు. పక్కన 77 ఏళ్ల అయోమీ, వేళ్లకు తొడుగులతో. పదిహేడు రోజుల తర్వాత, జులై 22న ఆజీ కన్నుమూశారు.