నెయ్యము – జిడ్డు

ఆదివారమునాడు అబిడ్స్ కాలిబాటలపై పరచిన పాత పుస్తకాలలో ఏ అమెరికా నవలనో తిరగవేసే విద్యార్థికి ‘ష్మాల్ట్స్’ అనే మాట తటస్థపడవచ్చును. మాటలు మనుషులవలెనే వలసపోతవి. అబిడ్స్ అనే పేరైనా అట్టిదే. ఆరవ నిజాము కొలువులో నుండిన ఆర్మీనియా జాతీయుడు ఆల్బర్ట్ అబిద్ నడిపిన అంగడి వలన ఆ పేటకు ఆ పేరు వచ్చినది.

ష్మాల్ట్స్ తూర్పు యూరపు యూదుల యిద్దిష్ భాషలోనిది. కోడి కొవ్వును కరిగించి తీసిన చమురని అర్థము. యూదులతో అమెరికా చేరి, 1930ల దశకములో అక్కడి సంగీతకారుల నోట, గుండె కరిగించవలెనని మితిమీరి పాకులాడే పాటకు ఎగతాళి పేరైనది. పిమ్మట కథలకు, సినిమాలకు ప్రాకినది.

కొవ్వుకు, కన్నీటికి ఏమి చుట్టరికము? తెలుగువారికి ఇది వింత కారాదు. సంస్కృతములో స్నేహమనగా ప్రేమ, నూనె కూడ. స్నేహము తరిగి దీపము కొండెక్కినదని కవులు శ్లేషించుట పరిపాటి. ఆ స్నేహమునకు వికృతియే నెయ్యము. ఆ చమురే పట్టి వదలకున్న జిడ్డు. విడువక విసిగించేవాడు జిడ్డుగాడు. సాగదీసిన చిత్రము జిడ్డు సినిమా. అయితే జిడ్డులో విసుగు ప్రధానము, ష్మాల్ట్స్‌లో అతికరుణ. దానికి నేటి ప్రేక్షకుడు ‘సెంటిమెంటు ఎక్కువైనది’ అనును.

తరగతిలో ఉత్తరరామచరితము మూడవ అంకము చెప్పునపుడు, పంచవటిలో రాముని విలాపము రాగానే, వెనుక బల్లనుండి ‘జిడ్డు’ అన్న మాట వినవచ్చిన ఉపాధ్యాయుడు కోపింప పనిలేదు. ఒక ప్రశ్న వేసిన చాలును: ఈ దుఃఖము కథలో పుట్టినదా, పైనుండి పూసినదా? సీతను అడవికి పంపినవాడు రాముడే. ఆ విలాపమును కంటికి కనబడని సీత అక్కడనే నిలిచి వినుచున్నది. ఆ కన్నీటికి కారణమున్నది, వినవలసిన చెవి ఉన్నది. కారణము లేకయే ఏడిపించబూనిన చోట మాత్రము ఆ పిల్లవాని మాట ఒప్పే. అనౌచిత్యము తప్ప రసభంగమునకు వేరు కారణము లేదని తొమ్మిదవ శతాబ్దిలో ఆనందవర్ధనుడు చెప్పినది ఇదియే.

ప్రతి కన్నీటిని చూచి నవ్వుట నేర్చిన విద్యార్థి తెలివిగలవాడనిపించుకొనవచ్చును గాని, భవభూతిని పోగొట్టుకొనును. ప్రమిదలో చమురు ఉండవలసినదే. పొర్లిపోయినది మాత్రమే జిడ్డు.